చల్లబడే వైపు

ముప్పై ఒక్క ఏళ్ళుగా బాయిలర్ నడుపుతున్నాను. నా ఆవిరి గొట్టాల మీద చెయ్యి పెడితే వెచ్చగా తగలకూడదు. తగిలిందంటే వేడి దండగవుతోందని అర్థం. వేడిని బయటికి పోనివ్వకపోవడమే నా పని, నా పొగరు కూడా. ఆ పొగరే నా మేనకోడలి కొంప ముంచింది.

నా బాయిలర్ ఉన్న ప్రయోగశాలలోనే, పై అంతస్తులో ఆమె పరిశోధన. ఏ ప్రాణీ లేని కాలంలో ప్రాణం ఎలా మొదలైందో తేల్చాలని పట్టుదల. దానికోసం బల్ల మీద పెట్టుకున్నదల్లా రెండు గాజు పలకలు, మధ్యలో వెంట్రుకంత సందు, ఆ సందులో నీళ్ళు. నీళ్ళలో కంటికి కనిపించని జీవపదార్థపు ముక్కలు, వాటికి ఆకుపచ్చ రంగు పట్టించింది. ఒక పలకకు నా ఆవిరి గొట్టం నుంచి వేడి. రెండో పలక గది గాలికి చల్లబడుతూ ఉండేది. నీళ్ళంతటా పలచగా ఉన్న రంగు మూడు వారాల్లో అడుగు మూలకు చేరి చిక్కగా మెరిసింది.

"ముక్కలు దగ్గరికి చేరితేనే కదా మావయ్యా, ఒకదాన్నొకటి పట్టుకునేది!" అనేది. "సముద్రం అడుగున రాతి సందుల్లో ఇలాగే జరిగి ఉండొచ్చు."

పై అధికారి నమ్మలేదు. అన్ని గదులూ ఒకే చల్లదనంలో, అన్ని కుర్చీలూ ఒకే వరసలో ఉండాలనే మనిషి. సమానం సారు అని మేమే పేరు పెట్టాం.

"ఏదైనా దాని మానాన వదిలేస్తే చెదిరిపోతుందమ్మా. అది ప్రకృతి సూత్రం. నీ రంగు గాజుకి అంటుకుని ఉంటుంది, అంతే," అన్నాడాయన. "సోమవారం నాలుగింటికి వస్తా. నాకు నమ్మకం కుదరకపోతే బల్ల ఖాళీ చెయ్యి."

శనివారం మధ్యాహ్నం గొట్టం చూసుకుందామని పైకి వెళ్ళాను. మేనకోడలు ఇంటికి వెళ్ళిపోయింది. చల్లటి పలక దగ్గర చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలింది. నా ప్రాణం ఒప్పలేదు. ఇంత వేడి గాలిపాలా! గొట్టాలకు వేడి పోకుండా చుట్టే గాజుదూది తెచ్చి పలకల చుట్టూ బిగించి, అంచులు కూడా నొక్కి కట్టాను. పిల్లకు సాయం చేశాననుకుని ఆదివారమంతా హాయిగా పడుకున్నాను.

సోమవారం పొద్దున ఆమె దూది విప్పకుండానే ఓ పక్క అంచు కాస్త తప్పించి దీపం వేసి చూసింది. మూలన మెరుపు లేదు. ఆకుపచ్చ అంతటా ఒకేలా పరుచుకుపోయింది.

"ఎవరు చుట్టారిది?"

"నేనేనమ్మా. వేడి పోతోందని..."

"పోవాలి మావయ్యా! ఒకవైపు నుంచి వచ్చి ఇంకోవైపు పోతుంటేనే నీళ్ళు తిరుగుతాయి, ముక్కలు చేరతాయి. రెండువైపులా ఒకే వేడైతే ఇంక కదిలేదేముంది?"

తల కొట్టేసినట్టయింది. చల్లటి వైపు లేకపోతే ఆవిరి యంత్రం కూడా తిరగదు. ఆవిరి పెట్టిన అన్నమే తింటూ ఆ ముక్క మర్చిపోయాను. దూది పీకబోయాను.

"ఆగు, ముందు ఫోటో తియ్యనీ," అంది. కళ్ళు తుడుచుకుంటూనే తీసింది. ఆ తర్వాత నేను దూదంతా పీకేసేసరికి పది దాటింది.

నాలుగింటికి సమానం సారు వచ్చి వంగి చూశాడు. మూలన చీమ తలంత మెరుపు.

"మూడు వారాలకి ఇంతేనా?"

"మూడు వారాలకి కాదు సార్, ఆరు గంటలకి," అంటూ పొద్దుటి ఫోటో ముందు పెట్టింది. "అదే గాజు, అవే నీళ్ళు. చల్లబడే వైపు మూస్తే చెదిరింది, తెరిస్తే చేరింది. గాజుకి అంటుకున్న రంగైతే మూసినా అక్కడే ఉండేది."

"ప్రకృతి సూత్రం ఎవరికీ మినహాయింపివ్వదు."

"మేం అడగలేదు సార్. ఇక్కడ పోగవుతున్నదానికి బదులు వేడి ఈ గదిలోకి చెదిరిపోతూనే ఉంది. మీ నుదుటి చెమటే సాక్ష్యం. మీరూ నేనూ నిలబడి ఉన్నది కూడా అలాగే. ఒంట్లో వేడి గదితో సమానమయ్యాక ఇంక డాక్టరుతో పని ఉండదు."

నా కడుపు నిండిపోయింది. ఆయన మాత్రం నుదురు తుడుచుకుని నావైపు తిరిగాడు.

"వాదనలు తర్వాత. ముందు ఆ ఆవిరి గొట్టం వాల్వు కట్టెయ్యి."

ముప్పై ఒక్క ఏళ్ళలో ఏ అధికారికీ కాదని చెప్పినవాణ్ణి కాదు.

"కట్టను సార్."

"ఏంటీ?"

"శనివారం తెలియక చంపాను. తెలిసి చంపను. నా మీద కాగితం పెట్టుకోండి. కట్టాలంటే మీరే కట్టుకోండి, అదిగో."

ఆయన విసురుగా వెళ్ళి వాల్వు చక్రం పట్టుకుని, చురుక్కుమనేసరికి చెయ్యి లాక్కున్నాడు. వేళ్ళు ఊదుకుంటూ మెట్లు దిగిపోయాడు. మేనకోడలు అప్పుడే స్టూలు లాక్కుని పలకల ముందు కూర్చుని టైము రాసుకుంటోంది. ఈ భవనంలో నేను దూది చుట్టకుండా వదిలేసింది ఆ ఒక్క చక్రాన్నే.