ఎడమచేతి మీద కోపం

జబ్బు నుంచి సూర్యావతి ఒళ్లంతా కోలుకుంది, మాట కూడా తిరిగొచ్చింది. కుడిచెయ్యి మాత్రం తడిగుడ్డలా వేలాడుతూ ఉండిపోయింది. గుణుపురం డాక్టరు పరీక్ష చేసి, "నరాలు పూర్తిగా చావలేదమ్మా, ఆ చేతికి పని చెబుతూ ఉండు" అన్నాడు.

రామనగుడలో ఇల్లు చేరాక పని చెప్పే అవకాశమే లేకపోయింది. నీళ్లబిందె అత్త నారాయణమ్మ అందుకునేది. తోటికోడలు గౌరీశ్వరి అన్నం కలిపి నోటికి అందించేది, ముద్దముద్దకీ "పాపం" అనేది. ఆ మాట వినగానే సూర్యావతి మొహం పక్కకి తిప్పేసుకునేది. మిగతా పనులకి ఎడమచెయ్యి ఉండనే ఉంది.

ఒకరోజు పెరట్లో పాకుడు మీద కాలు జారింది. ఎడమచేతిలో నీళ్లచెంబు ఉంది. పడబోయి పాదుపందిరి రాటని పట్టుకుని నిలబడింది. చూస్తే, రాటని పట్టుకున్నది కుడిచెయ్యి.

ముందు నమ్మలేదు. తర్వాత, ఇన్నాళ్లూ దానికి పని దక్కనివ్వని ఎడమచేతి మీద ఒళ్లు మండిపోయింది. చెంబు కిందపెట్టి, కుడిచేత్తో తీయాలనుకుంది. ఆ చెయ్యి కదిలేలోగానే ఎడమచెయ్యి వెళ్లి తీసేసింది. మళ్లీ పెట్టింది. మళ్లీ అదే.

"దొంగముండా! నిన్నెవులు రమ్మన్నారే?" అని తన చేతినే తిట్టింది.

ఎడమ పిడికిలికి పాత చీరపేలిక చుట్టి, పళ్లతో లాగి ముడి బిగించింది. ఆ పూట అంబలి గిన్నె కుడిచేత్తో ఎత్తబోయింది. గిన్నె ఒరిగిపోయి అంబలంతా ఒళ్లో పడింది. గౌరీశ్వరి పరుగున వచ్చింది.

"పాపం, నాను పెడతానుండక్కా."

"నా నోట్లో సెయ్యెట్టావంటే కొరికీగలను! పో అవతలికి!"

గౌరీశ్వరి ఏడ్చుకుంటూ వెళ్లి అత్తకి చెప్పింది. అత్త కొడుక్కి చెప్పింది. సూర్యావతి మొగుడు మన్మథరావు పొలం నుంచి వస్తూనే అరిచాడు.

"ఆ పేలిక ఇప్పీసీ. నీకు మతి పోనాదని ఊరంతా అనుకుంతన్నారు."

"నాకు పోనాది మతి కాదు, సెయ్యి. తెచ్చుకుంతన్నాను."

"ఒక సెయ్యి బాగానే ఉంది కదేటి? దాంతో సాలదా?"

"నీకు సాలుద్ది. వండి పెట్టడానికి ఇంట్లో మనుసులున్నారు. నాకు సాలదు."

అతను ముడి విప్పబోయాడు. ఆమె మోచేత్తో అతని గుండెల మీద పొడిచింది. మన్మథరావు బిత్తరపోయి వెనక్కి తగ్గాడు.

ఆ రోజు నుంచి ఆమెకి అందరి మీదా కోపమే. పట్టు దొరక్క జారిపోయే గరిటె మీద కోపం. సాయానికొచ్చే ప్రతి మనిషి మీదా కోపం. తీగ పట్టుకుని తెంపలేక చిక్కుడుకాయల ముందు కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపులోనూ ఎడమచెయ్యి కన్నీళ్లు తుడవడానికి లేచింది. దాన్ని నేలకేసి కొట్టింది. ఒక్కోపూట పస్తుండేది గాని పేలిక విప్పేది కాదు. నెలలు గడిచాక ముద్ద నోటిదాకా వచ్చింది, సగం చీర మీద పడుతూ.

ఆపైన వానలకి వరినాట్లు మొదలయ్యాయి. సూర్యావతి పేలిక విప్పేసి మడిలో దిగింది. నారుకట్ట ఎడమచేతిలో పట్టుకుంది. కుడిచేతి వేళ్లతో మొక్కలు బురదలో గుచ్చసాగింది. చిటికెనవేలు ఇంకా ముడుచుకునే ఉంది. కొన్ని మొక్కలు నిలవక తేలిపోతున్నాయి. వెనకబడిపోయింది.

గౌరీశ్వరి తన వరస ముగించి ఆమె వరసలోకి వంగింది.

"అది నా వరస."

"సాయం సేద్దామనక్కా..."

"నాను అడిగేనా? నీ సెయ్యి తియ్యి."

గౌరీశ్వరి మొహం మాడ్చుకుని గట్టెక్కింది. అక్కడున్న మన్మథరావు, "వరస వంకరపోతంది" అన్నాడు.

"వంకరైతే గింజ పట్టదేటి?"

సూర్యావతి తేలిపోయిన మొక్కని కుడిచేత్తో వెతికి పట్టుకుని, మళ్లీ గుచ్చింది.