తెల్ల గీత

అది కాదు అముదా, నీ అమ్మ కోపంతో ఇల్లు విడిచి పోలేదు. అందుకే ఈ తాత చెప్పేది రాయమంటున్నాను. నువ్వు హాస్టలు నుంచి నిన్ననే వచ్చావు, నీకు తెలియదు. మెల్లగా చెబుతాను, రాయి.

మన రిపేరు షెడ్డుకు ఒక పాత పెట్రోలు కారు వచ్చింది. కళుగుమలై దారిలో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ లోపల టకటకమని కొడుతోందట, లాగడం లేదట. నీ నాయన ప్లగ్గులు మార్చాడు, కార్బురేటర్ కడిగాడు. చప్పుడు పోలేదు. నిప్పు పడే వేళ తప్పిందేమోనని టైమింగ్ లైటు తీశాడు. పిస్తోలు మాదిరి ఉంటుందే, అది. ఎప్పటిలాగే వెనక ఇంట్లోకి చూసి పిలిచాడు.

"ఏ పూంగొడీ, సుమ్మానే కదా ఉండావు, వచ్చి లైటు పట్టు."

సుమ్మా అంటే ఊరికే అని. అప్పుడు నీ అమ్మ చేతినిండా ఇడ్లీ పిండి. కడుక్కొని వచ్చింది.

ఆ లైటు మాయ నీకు తెలుసో లేదో. మొదటి ప్లగ్గులో నిప్పు పడినప్పుడే మెరుస్తుంది. గిరగిరా తిరిగే చక్రం మీది తెల్ల గీత ఆ మెరుపులో నిలిచిపోయినట్టు కనబడుతుంది. ఆ రోజు గీత నిలవలేదు. అటూ ఇటూ ఎగిరింది.

"చేయి ఆడించద్దు. లైటు పట్టేదానికి కూడా చేతకాదా నీకు?" అన్నాడు, కారు ఓనరు ముందరే.

"గరిటె పట్టే చేయి కదప్పా," అని ఓనరు నవ్వాడు.

 నీ అమ్మ గీతనే చూస్తూ నిలబడింది. తర్వాత లైటు కింద పెట్టి లోపలికి పోయింది. నీ నాయన తానే పట్టుకొని చూశాడు. అప్పుడూ గీత ఎగిరింది. తప్పు చేతిది కాదు, డిస్ట్రిబ్యూటర్ లోపలి కడ్డీ అరిగి ఆడుతోంది. ఆ మాట అతను లోపలికి వచ్చి చెప్పలేదు.

మరుసటి పొద్దున అందరికీ వండిపెట్టి, సంచీ తీసుకొని బయలుదేరింది. తిరుత్తంగల్‌లో నీ చిన్నమ్మ ఇంట్లో ఉండి అచ్చాఫీసు పనికి పోతానంది. బస్టాండు దాకా తోడు పోయాను. చేయి ఆడిందన్నందుకా అమ్మా, అని అడిగాను.

"అది కాదు మామా. ఆ చక్రం నిలవనే లేదు, తిరగతానే ఉండాది. లైటు ఆ ఒక్క చోటనే మెరుస్తాది, అందుకే గీత నిలిచినట్టుండాది. ఆయన నన్ను చూసేది ఆకలప్పుడు. అప్పుడు నేను పొయ్యికాడ కంచంతో ఉంటాను. పొద్దున చూసినా ఆడనే, రాత్రి చూసినా ఆడనే. నీళ్లు మోసేది, ఉతికేది, మీ కాళ్లకు తైలం రాసేది, ఏదీ ఆ మెరుపులో పడలేదు. అందుకే నేను సుమ్మా ఉండానని అనుకున్నాడు."

 ఆమె మాట నాకు ఒక పక్క తెలుస్తుంది, ఒక పక్క తెలియదు. ఇన్నేళ్లలో ఆమె ఎప్పుడు తినేదో గుర్తు తెచ్చుకోవాలని చూస్తున్నాను. రావడం లేదు.

నీ నాయన ఆ కడ్డీ కోసం మదురై పోయాడు. రేపు తిరుత్తంగల్ పోయి పిలుచుకొస్తాడట. చేతి మాటకు అలిగిందని, మూర మల్లెపూలు చాలని అతని లెక్క. ఆమె వస్తుందో రాదో నాకు తెలియదు. బస్సు కదిలే ముందు అడిగాను, వాణ్ణి రమ్మనేదా వద్దనేదా అని.

"రమ్మనండి మామా. సాపాటు వేళకు మాత్రం వద్దు."

దీన్ని వాడికి ఎట్లా చెప్పాలో నాకు తోచడం లేదు. మీ నాయన మదురై నుంచి రాగానే నువ్వే చదివి వినిపించు. అన్నం అడగక ముందే చదువు.