తెల్ల గడి

ప్రకృతిని కాపాడబోతే మనుషుల బతుకులో ఏం మారిందో ఒక్క చూపులో చెప్పే పటం అది. అడ్డ వరుసల్లో చేసిన పనులు: సముద్రంలో తినే గుల్లల వేట నిషేధం, అడవికి కంచె, చిత్తడి నేలల బాగుచేత. నిలువు వరుసల్లో మనుషుల సంగతి: రాబడి, ఆరోగ్యం, మనశ్శాంతి. రెండూ కలిసేచోట ఒక గడి; దాని మీద అధ్యయనాలు ఎక్కువయ్యేకొద్దీ అది ముదురు ఆకుపచ్చ అవుతుంది. ఒక్కటీ లేకపోతే తెలుపు.

ఆ పటం తయారుచేసే ఎడిన్‌బరో ఆఫీసులో దాన్ని వెబ్‌సైట్‌కి ఎక్కించే పని ఉనాది. వాళ్ళ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమె. మిగతా అందరూ కిల్‌వోరన్ రేవులో పడవల వాళ్ళే. ఆ ఊరి ముందు సముద్రంలో గుల్లల వేట ఆపేసి కొన్నేళ్ళయింది. నిషేధం పొడిగించాలా వద్దా అని త్వరలో ఊళ్ళో సభ. అధికారులు ఈ పటమే చూస్తారని అందరికీ తెలుసు.

వేట నిషేధం, మనశ్శాంతి కలిసే గడిలోకి రాగలిగింది ఒకే ఒక్క అధ్యయనం. ఊరి ఆడవాళ్ళతో మాట్లాడి ఉనాయే రాసిన పరిశోధన అది. అయితే పోల్చి చూడడానికి నిషేధం లేని ఇంకో ఊరు అందులో లేదు. అలాంటివి చేర్చకూడదని నియమం. ఆ నియమం రాసినవాళ్ళలో ఉనా కూడా ఉంది. తన ఊరికో న్యాయం, పరాయి ఊరికో న్యాయం ఎలా కుదురుతుంది? "చేర్చవద్దు" అని తనే నొక్కింది. గడి తెల్లగానే ఉండిపోయింది.

మనసు ఊరుకోక పై అధికారి హెస్టర్ దగ్గరికి వెళ్ళింది.

"తెలుపు చూస్తే నష్టమేమీ లేదనుకుంటారండీ. 'ఇంకా ఎవరూ సరిగ్గా చూడలేదు' అని గడిలోనే రాద్దాం."

"మౌస్ పెడితే ఆ మాట వస్తుంది కదమ్మా. గడిగడికీ అక్షరాలు కుక్కితే పటం చేపల బజారులా ఉంటుంది." హెస్టర్ నవ్వింది. "మీ ఊరని ఇదవుతున్నావా ఏంటి?"

ఉనా తన సీటుకు తిరిగొచ్చి పటాన్ని అలాగే వెబ్‌సైట్‌కి ఎక్కించింది.

సభ రోజు ఊరి హాల్లో నెట్ అందలేదు. లోగన్ అనే అధికారి ముందే తీసి పెట్టుకున్న పటం ఫొటోను తెర మీద వేశాడు.

"ఈ తెల్ల గడి చూడండి. వేట ఆపినందుకు మనుషుల మనసు కష్టపడిందని ఎక్కడా రుజువు లేదు."

"తెల్లగా ఉందంటే శుభ్రంగా ఉందన్నమాట!" అన్నాడు వెనక నుంచి ఒకడు. "పడవ అమ్ముకున్న మా కాలమ్ మొహం కూడా అలాగే తెల్లబోయి ఉందిలే, అదీ చూడండి."

ఉనా లేచింది. "కష్టం లేదని కాదండీ దానర్థం. ఎవరూ సరిగ్గా చూడలేదని. మౌస్ పెడితే..."

"ఇది ఫొటో కదండీ," అన్నాడు లోగన్ మర్యాదగా. "రుజువు లేదనేగా మీరూ అంటున్నది?"

కాలమ్ భార్య షోనగ్ వెనక్కి తిరిగి చూసింది. ఉనాకు స్వయానా మేనత్త.

"ఒసే ఉనా, నా వంటింట్లో కూర్చుని అన్నీ చెప్పించుకున్నావు. పడవ అమ్మేశాక మీ మామయ్య రోజూ రేవుకు పోయి ఉత్తినే నిలబడి వస్తున్నాడని ఏడ్చుకుంటూ చెప్పానే. అది ఏ గడిలో పెట్టావే?"

"పెట్టలేదత్తా. పోల్చడానికి ఇంకో ఊరు లేదని..."

"పక్క ఊరి మొగుళ్ళు బాగున్నారని తేలితే గానీ మా ఆయన బాగాలేనట్టు కాదా?"

కాలమ్ తల వంచుకుని కూర్చున్నాడు. భార్య తన సంగతి అలా నలుగురిలో పెట్టడం అదే మొదటిసారి.

నిషేధం పొడిగించారు. ఆ వారంలోనే హెస్టర్ నుంచి మెయిల్ వచ్చింది: "ప్రభుత్వం మన పటం వాడింది! నిధులిచ్చేవాళ్ళకు చూపించాలి. రెండు వాక్యాలు రాసిపెట్టు."

ఉనా పటం తెరిచి ఆ గడి మీద మౌస్ పెట్టింది. చిన్న అక్షరాలు తేలాయి. మౌస్ తీసింది. పోయాయి.

తర్వాత ప్రభుత్వం పటాన్ని వాడుకుందని, తెల్ల గడి ఊసెత్తకుండా, రెండు వాక్యాలూ రాసి పంపింది. ఒక్క తప్పు కూడా లేకుండా.