రీళ్ల గదిలో కర్పూరం

మా నాయన పుల్లయ్య మార్కాపురంలో మూగ సినిమా బొమ్మల హాలు కట్టించేనాటికి నేనింకా పుట్టలేదు. బొమ్మలు మాట్లాడవు కదా, తెర పక్కన నిలబడి కథంతా నాయనే గొంతెత్తి చెప్పేవాడట. వెనకాల చెంచయ్య మిషను చేత్తో తిప్పేవాడట. ఊళ్లో అందరూ గుమ్మంలోపల హారతిస్తే, మా హాలుకు మాత్రం వీధిలోనే ఇచ్చేవాళ్లు. ఆ కాలం రీళ్లు రవ్వ తగిలితే చాలు భగ్గుమనేవి, లోపల బీడీ ముక్క కనిపించకూడదు.

అయినా ఒకనాడు మధ్యాహ్నం ఆటలో మిషనులో రీలు అంటుకుంది. బిందెలకు బిందెలు నీళ్లు పోసినా ఆరలేదు. చెంచయ్య బయటికి రాలేదు. మిగిలిన రీళ్లు పక్కగదిలో ఉన్నాయి. వాటిని ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేక, నాయన ఆ గది గుమ్మానికి పలకరాళ్లు పేర్పించి సున్నంతో మూసేశాడు. నాకీ సంగతి చెప్పినప్పుడల్లా కాలిన తన కుడిచెయ్యి చూపించేవాడు.

మొన్న ఎండాకాలం మా మనవడు అశోక్ ఆ హాలులో సెల్‌ఫోన్ల దుకాణం పెడతానని పని మొదలెట్టాడు. నేను ఆటో దిగి లోపలికి వెళ్లేసరికి ఆ గోడ పగలగొట్టేశారు. ఘాటు వాసన ముక్కుకు కొట్టింది. తుప్పు డబ్బాల మూతలూడి, కొన్ని రీళ్లు చివికి, నేలంతా గోధుమరంగు పొడి. దాని మధ్యలో నిలబడి మల్లయ్య మేస్త్రీ దిష్టి తీయడానికి గుమ్మడికాయ మీద కర్పూరం పెడుతున్నాడు. పక్కనే అశోక్ భార్య భవాని, ఏడోనెల కడుపుతో, కొబ్బరికాయ పట్టుకుని ఉంది.

"వద్దు మల్లయ్యా! అగ్గిపెట్టె ఇటియ్యి!"

"దిష్టి తీయకుంటే ఎట్ల పెద్దమ్మా? చెంచయ్య ఈడనే తిరుగుతుంటాడంట కదా," అని నవ్వుతూ పుల్ల గీశాడు.

"చెంచయ్యను చంపింది ఆ రీళ్లే రా! భవానీ, బయటికి రా తల్లీ!"

"ఏంది అవ్వా, వందేండ్ల చెత్త ఏం అంటుకుంటాది?" అన్నాడు అశోక్.

కర్పూరం వెలిగింది. నా కేకకు మల్లయ్య ఉలిక్కిపడ్డాడు. కాయ వంగింది. మండే బిళ్ల మెల్లగా అంచుకు జారింది. కింద పొడి, ఆ పొడిలో భవాని పాదాలు. ఎట్లా వెళ్లానో తెలియదు, బిళ్లను గుప్పిట పట్టి నలిపేశాను. చెయ్యి చుర్రుమంది.

"పిచ్చి పట్టిందా నీకు?" అని అశోక్ అరిచాడు.

వేలెడు రీలు ముక్క వీధి మధ్యకు తెప్పించి వాణ్నే వెలిగించమన్నాను. పుల్ల తగలగానే బుస్సుమని లేచింది. వాడు బకెట్టు నీళ్లు కుమ్మరించాడు. ఆ నీళ్లలోనే పసుపు పొగ కక్కుతూ చివరిదాకా మండింది.

భవాని పాదాలకంటిన పొడిని గబగబా కడుక్కుంది.

అశోక్ అగ్నిమాపక కేంద్రానికి ఫోన్ చేశాడు. వాళ్లు వచ్చి డబ్బాలు, పొడి అన్నీ తీసుకుపోయాక, మల్లయ్య గుమ్మడికాయ ఎత్తుకుని, ఎవరూ చెప్పకుండానే రోడ్డు దాటి అవతల నిలబడ్డాడు.

"పుల్ల గియ్యి మామా," అన్నాడు అశోక్.

మల్లయ్య అగ్గిపెట్టె తీసి, హాలు వైపు చూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.