జమలయ్య కేక

పెళ్లిపందిట్లో చదివింపుల వేళకి జమలయ్య ఒక గ్లాసు చిక్కటి కాఫీ తాగి, కండువాతో మూతి తుడుచుకుని, లేచి నిలబడేవాడు. పెనుమూడి నుంచి రేపల్లె దాకా ఎవరింట పెళ్లయినా ఎవరేం ఇస్తున్నారో కేకేసి చెప్పేది అతనే. "మేనమామ రాఘవయ్యగారు పెళ్లికూతురికి పాడిగేదెను చదివించారహో!" అన్నాడంటే ఇక గేదె రావాల్సిందే. ఎగ్గొట్టాలని చూస్తే ఆ కేక వెళ్లి రాఘవయ్య చూరులో కూర్చుని, గేదెను తోలేదాకా మోగేది. తోలాక తిరిగొచ్చి జమలయ్య గొంతులో చేరేది. అతని కేకలు అంతేనని అందరికీ తెలుసు. గొప్పలు పోయేవాళ్లు మాత్రం కాస్త చూసుకుని నోరు విప్పేవాళ్లు.

అతని భార్య రావమ్మకి కడుపులో గడ్డ లేచింది. రేపల్లె ప్యాసింజరెక్కించి తెనాలి ఆసుపత్రిలో చేర్చాడు. ఆపరేషన్ చేస్తే బతుకుతుందన్నారు, ముందు బిల్లు కట్టమన్నారు. ఆ ఆసుపత్రి తెరిచిన రోజు, బీదవాళ్ల ఖర్చంతా తనదేనని రైసుమిల్లు చలపతిరావు మైకులో చెప్పాడు. మైకులో చెప్పిన మాట మైకుసెట్టుతో పాటే బండెక్కి వెళ్లిపోయింది.

జమలయ్య మిల్లుకి వెళ్లి ఆ మాట గుర్తు చేశాడు.

"అడిగినోళ్లందరికీ పెడితే నాకేం మిగుల్తుందిరా?" అన్నాడు చలపతిరావు. "ఆదివారం పెద్దమనుషులొస్తున్నారు. వాళ్ల ముందు నా కాళ్లమీద పడు. అప్పుడు చూద్దాం."

సంగతి విని రావమ్మ పళ్లు బిగించి మంచం మీద లేచి కూర్చుంది.

"వాడి కాళ్లు పట్టుకున్నావంటే ఇంటికి నడిచిపోతా, దార్లో చచ్చినా సరే. ఏంటయ్యా, నీ గొంతు పెళ్లిళ్లకేనా?"

"అంత పెద్ద మాట ఎప్పటికి తీరుద్దే? కేక తిరిగి రాకపోతే?"

"రాకపోతే మానె. ఇద్దరికీ నేనే మాట్లాడతాలే."

జమలయ్య కాఫీ తాగి, మూతి తుడుచుకుని, ఆసుపత్రి మెట్లమీద నిలబడ్డాడు.

"రైసుమిల్లు చలపతిరావుగారు బీదాబిక్కీ ఆసుపత్రి ఖర్చంతా చదివించారహో!"

కేక రైలుకట్ట దాటి మిల్లు రేకుల కింద చేరింది. మరలు తిరిగే చప్పుడు దాన్ని ముంచలేకపోయింది. ధాన్యం బేరానికొచ్చినవాళ్లు ఒకరి మాట ఒకరికి వినపడక లేచిపోయారు. ఆదివారం పెద్దమనుషులు చెవుల్లో వేళ్లు పెట్టుకుని కూర్చున్నారు. సోమవారం పొద్దున్నే చలపతిరావు రావమ్మ బిల్లు కట్టేశాడు.

గడ్డ తీశారు, రావమ్మ కోలుకుంది. కేక మాత్రం రేకులు దిగలేదు. దాన్ని తీసుకుపొమ్మని చలపతిరావు ఇద్దర్నీ పిలిపించాడు. జమలయ్య నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. రావమ్మకి కళ్లనీళ్లు తిరిగాయి. అయినా తల వంచలేదు.

"మా ఒక్కళ్లకేనా తమరు ఇస్తానంది? బాపట్ల నుంచి వచ్చిన బాలింత ఒకతి బిల్లు కట్టలేక అక్కడే పడుంది. కట్టి చూడండి."

కట్టించాడు. కేక సద్దుమణిగింది. మర్నాడు ఇంకో బీదవాణ్ణి ఆసుపత్రిలో చేర్చగానే మళ్లీ మొదలైంది. చలపతిరావు ఇద్దర్నీ ఇంకోసారి పిలిపించాడు.

"ఇది ఆగేదెప్పుడే?" అన్నాడు చలపతిరావు రేకుల వైపు చూస్తూ.

"బీదాబిక్కీ లేనినాడండి," అంది రావమ్మ.

జమలయ్య కండువాతో మూతి తుడుచుకుని, ఆమె చెయ్యి పట్టుకుని స్టేషన్ వైపు నడిచాడు.