పురిటి గదిలో ఇటుకల పెట్టె

నా కూతురు ఏడో నెలలోనే తొందరపడి పుట్టింది. అదీ యాభై మూడో సంవత్సరం పుష్యమాసం చలిలో, రాయ్‌పూర్ రైల్వే ఆసుపత్రిలో. పిడికెడు పిల్ల. నర్సమ్మ మమ్మల్ని క్వార్టర్‌కి పంపుతూ, ఒళ్లు చల్లబడితే పిల్ల దక్కదంది. కుంపటి పెడితే ఆ పొగకీ దక్కదంది. మరెలా వెచ్చబెట్టాలో మాత్రం చెప్పలేదు మహాతల్లి.

దారి మా ఆయనే కనిపెట్టాడు. పేరు మల్లేశ్వరరావు, రైల్వే వర్క్‌షాపులో కరెంటు పనిచేసే వైర్‌మేన్. పగలంతా మిషన్లే కరెంటు తాగేస్తాయి కనక క్వార్టర్లకి దీపాల మట్టుకే ఇచ్చేవారు. సాయంత్రం సైరన్ కూసి మిషన్లు ఆగాక, దీపాలు వెలిగేలోపు, పవర్‌హౌస్‌లో కరెంటు ఊరికే ఉంటుంది. ఆ కాస్సేపూ వాడుకోనివ్వమని ఫోర్‌మన్‌ని కాళ్లావేళ్లా పడి ఒప్పించాడు. ఇనప పెట్టెలో ఇటుకలు పేర్చి, మధ్యన హీటరు తీగ చుట్టి, లావుపాటి వైరు విడిగా లాగి, పురిటి గదిలో స్విచ్చి బిగించాడు. అప్పుడు కాలిన ఇటుకలు తెల్లారేదాకా సెగ ఇచ్చేవి. పిల్ల బుగ్గలకి రంగొచ్చింది.

మా అత్త వరహాలమ్మకి మాత్రం ఆ పెట్టె మీద నమ్మకం లేదు. ఓ సాయంత్రం, స్విచ్చి వేసి ఉండగానే, వేడి పోకుండా అన్నంగిన్నెకి కప్పినట్టు దానిమీద బొంత కప్పేసింది. కమురు కంపుకి నేను లేచేసరికి బొంత పొగలు కక్కుతోంది. మా ఆయన పరుగున వచ్చి స్విచ్చి కట్టేశాడు. ఈలోపు అత్త కంగారుగా బిందెడు నీళ్లు పెట్టెలో గుమ్మరించింది. ఇటుకలు పగిలాయి, తీగ తెగింది. కొత్త తీగ రేపు స్టోర్సు తెరిస్తేగాని దొరకదు.

"ఓలమ్మో, నా సేతుల్తో నేనే సంటి గుంటని సంపేసుకున్నాను గావాల!" అని అత్త కూలబడింది. నాకు తిట్లు నోటిదాకా వచ్చాయి. అంతలో పిల్ల పాదాలు చల్లగా తగిలాయి. పిల్లని గుండెకి హత్తుకుని కొంగు కప్పాను.

"ఏటయిపోనాది పిన్నీ?" అంటూ పక్కింటి అప్పలనరసమ్మ గుమ్మం బయట నిలబడింది. మాది ఇంకా పురుడు తీరని మైల ఇల్లు. గడప తొక్కినవాళ్లు తలమీద నీళ్లు పోసుకుంటేగాని తమ పొయ్యి ముట్టకూడదు. అందుకే అందరూ బయటినుంచే పలకరించేవారు. ఆమె కూడా అత్త చెప్పిందంతా విని, గిరుక్కున తిరిగి వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండింది.

కాసేపటికి అదే మనిషి తన పొయ్యిలో కాలుతున్న ఇటుక ఊడబెరికి, గోనెగుడ్డలో చుట్టుకుని తిన్నగా గదిలోకే వచ్చేసింది.

"జల్దీ ఆ తడి ఇటికలు తీసీండి. అందరికీ సెప్పినాను, ఒస్తన్నారు."

వెనకే ఇంకో ఇటుకతో మరో పొరుగావిడ దాలమ్మ. ఎదురింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ ధనియా కూడా "ఏ లే, బహినీ", ఇదిగో తీసుకో చెల్లీ, అంటూ రెండిటుకలు నా ముందు పెట్టింది. వంటలు సగంలో ఆపేసి మా క్వార్టర్ల వరసలోని ఆడవాళ్లంతా తమ పొయ్యి ఇటుకలు తెచ్చారు. మా ఆయన పెట్టె తుడిచి, అవన్నీ పేర్చి మూతేశాడు. గది మెల్లగా వెచ్చబడింది. పిల్ల నోరు తెరిచి రొమ్ము వెతుక్కుంది.

పాలిస్తుంటే బయట కుళాయి దగ్గర చప్పుడైంది. ఆ చలిలో, కట్టిన చీరలతోనే, ఒకరి తర్వాత ఒకరు నెత్తిన చన్నీళ్లు గుమ్మరించుకుంటున్నారు. పళ్లు టకటకలాడుతున్నా నవ్వుకుంటున్నారు. అత్త ఒక్కో చెంబు చప్పుడుకీ అటు తిరిగి దణ్ణం పెట్టింది. చేతుల్లో పిల్ల ఉంది గానీ, నేనూ పెట్టేదాన్నే.