గుయ్యిమనే మిషను

మా బావ సంజీవయ్య పేరెత్తితే నాకు ఇప్పటికీ కడుపు మండుతాది. ఆయన మట్టిలో కలిసి శానా కాలమాయె. అయినా మండుతాది.

ఆళ్లగడ్డకు ఈవల మా రేగడి చేను. మా మామ దాన్ని ఇద్దరు కొడుకులకు పంచినాడు. పైచెక్క పెద్దోడు సంజీవయ్యకు, కిందిచెక్క మా ఇంటాయన దేవదానానికి. నడుమ హద్దురాయి. మా సీమలో హద్దురాయి ఊరికే నాటరు, గుంతలో ముందు బొగ్గులు పోస్తారు. కట్టె చివుకుతాది, బొగ్గు చివకదు. రేపు ఎవురన్నా రాయి పెరికినా బొగ్గులు ఆడనే ఉండి సాక్షి చెప్తాయని. రాయి నాటే పొద్దు మా అత్త ఏసమ్మ బొగ్గుల మీద దున్ని దున్ని అరిగిన మడక కర్రు ఒకటి పెట్టి, "కోడండ్లు కూడా చెరొక దుడ్డు వేయండమ్మా" అనె. నేను తూటుకానీ వేస్తి. మా బావ పెండ్లాం మణెమ్మ చదరం బేడ వేసె. ఆయమ్మ ఆ యేడే కొడుకును కని కన్ను మూసె. ఆ బిడ్డ అబ్రహామును పాలు పట్టి పెంచింది నేను. పూటపూటకూ వాని నాయనకు సంగటి పంపింది నేను.

అత్తా మామా పోయినంక రాయి నడవను మొదలుపెట్టె. దున్నినప్పుడల్లా రవ్వంత మా చేన్లోకి వచ్చేది. మా ఇంటాయన, "అన్నా, రాయి జరిగింది" అంటే, "రాయి కాదు, నీ కండ్లు జరిగినాయి" అనె మా బావ. ఊరి పెద్దమనిషి చెన్నకేశవులన్న దగ్గరికి పోతిమి. ఆయన రాయి కింద తవ్విస్తే ఒక్క బొగ్గు లేదు. యాడుంటాది, అది పాత చోటు కాదాయె. పాత చోటు చూపిద్దామంటే నల్లరేగడి, యాడ చూసినా ఒకటే. రాయికి ఆవల కాలు పెడితే మా బావ కొట్టను వచ్చె. మా ఇంటాయన గడ్డపార ఎత్తుకోని ఈవలనే బొగ్గుల కోసం తవ్వుకుంటా ఉంటే, "దేవదానం నిధికి తవ్వుతాండాడు" అని ఊరంతా నవ్విరి. అందరికన్నా గట్టిగా నవ్వింది మా బావ. కడకు మా ఇంటాయన, "నా చూపే సరిగా లేదేమో జీవమ్మా" అనుకుంటానే పాయె.

ఆయన పోయినంక, ఎనబై మూడో ఎనబై నాలుగో, అబ్రహాము లారీ తోలతాండె. మద్రాసు నుంచి మిషనొకటి తెచ్చె. కట్టెకు కింద పళ్లెం, పైన పెట్టె. భూమిలో ఇనుమో రాగో ఉంటే గుయ్యిమంటాది. మా చేన్లలో వానలకు పాత నాణేలు తేలేవి, ఒకరిద్దరు నంద్యాల షరాబుకు అమ్ముకోనుండ్రి. అందుకని కొడుకు ప్రాణం తీసి దాన్ని కొనిపిచ్చినాడు మా బావ. నిధికి తవ్వుతాండాడని తమ్మున్ని చూసి నవ్విన మనిషి.

ఆదివారం చర్చి విడిచినంక మిషను ఎత్తుకోని, ఊరినంతా పిలుచుకోని చేన్లోకి పాయె. నేనూ పోతి. ముచ్చట చూడను కాదు, నా చెక్కలో పళ్లెం పెడతాడేమోనని.

మిషను గుయ్యిమనె. తవ్వితే ఎద్దు లాడం. ఇంగోసారి గుయ్యిమంటే తుప్పు మేకు.

"సంజీవయ్యా, పాత ఇనుము అంగడి పెట్టుకో" అనె చెన్నకేశవులన్న.

అందరూ నవ్విరి. మా బావకు రోషమొచ్చి, "పైకి పోదాం పారా" అని కొడుకును రాయికి ఆవల బాగా లోపలికి తీసకపాయె. ఆడ మిషను ఆపకుండా మొరిగె. మా బావే గడ్డపార పట్టె. మొదట తూటుకానీ వచ్చె. దాని యెనకాలే చదరం బేడ.

"చూసినారా, నా చేన్లో ఉండాది సొత్తు" అని రెండూ ఎత్తి చూపిచ్చె.

ఇంగ తవ్వితే కర్రు. కర్రు తీస్తే దాని కింద నల్లగా బొగ్గులు.

చేన్లో బొగ్గులంటే ఏందో మా ఊర్లో ముక్కు కారే పిల్లోళ్లకు కూడా తెలుసు. చెన్నకేశవులన్న తలెత్తి, కిందెక్కడో నిలబడిన రాయి దిక్కు చూసె.

"చాలు, పూడ్చురా" అనె మా బావ.

"ఏంది బావా పూడ్చేది. ఇంగా తవ్వు."

"ఎవురో వండుకున్న పొయ్యిలే జీవమ్మా."

"పొయ్యి మీద కర్రు వండుకున్నారా?" అని నేను గుంతలోకి దిగి కూచుంటి. "ఆ రాయి ఈడికొచ్చేదాకా నేను లేయను. పూడ్చాలంటే నన్ను కూడా పూడ్చు."

"ఆడదానివి, ఇంత పొగరా" అని మా బావ గడ్డపార ఎత్తె. అబ్రహాము మిషను ఆడనే పడేసి వాళ్ల నాయన చేతిలో గడ్డపార గుంజుకునె.

"ఆ బేడ మీయమ్మ వేసిందిరా" అంటి వాన్ని చూసి.

వాడు నాయన పిడికిలి విప్పి తూటుకానీ నా ఒళ్లో వేసి, బేడ తీసుకోని, అరచేతిలో పెట్టుకోని చూసె. తల్లి చేతిది వానికి ఇంట్లో ఒక్కటీ లేదు. చూసి చూసి జోబీలో వేసుకునె. పోయి రాయి పెరికి, దొర్లిచ్చుకుంటా తెచ్చె. ఒక్కడే. వాని నాయన చెయ్యి వేయబోతే, "ముట్టొద్దు" అనె.

నేను లేచి నా తూటుకానీ, కర్రు మళ్లా బొగ్గుల మీద పెడితి. రాయి నిలబడె. బేడ నేను అడగలేదు.

చెన్నకేశవులన్న కండువా దులుపుకుంటా, "నీ చేను నీకొచ్చె గదా జీవమ్మా, ఇంగ కోపం ఇడిచిపెట్టు" అనె.

"చేను వచ్చె. నీ కండ్లు బాగుండాయి అని మా ఇంటాయనకు ఎవురు పోయి చెప్తారన్నా? నువ్వు పోతావా?" అంటి.

ఆయన దోవ పట్టె.

ఇంటికొచ్చి సంగటి కెలికి అబ్రహాముకు పెడితి. వాని నాయనకు పంపే గిన్నెను కడిగి బోర్లిస్తి. మళ్లా దాన్ని ఎత్తలేదు.